స్టేట్ కోర్టు హత్య కేసులో శిక్ష వేశాక ఫెడరల్ కోర్టు ఏం చేయగలదు? అమెరికా హెబియస్ కార్పస్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

2018 జనవరిలో తెలుగు చానళ్లలో, పత్రికల్లో ఒక వార్త బాగా తిరిగింది. పెన్సిల్వేనియాలోని కింగ్ ఆఫ్ ప్రష్యాలో 2012లో ఒక తెలుగు కుటుంబంలోని పసిపాపను, ఆమె నాయనమ్మను చంపిన కేసులో మరణశిక్ష పడిన తెలుగు యువకుడికి ఫిబ్రవరి 23న శిక్ష అమలు చేస్తారని. ఆ తేదీ వచ్చింది, పోయింది, శిక్ష అమలు కాలేదు. మళ్లీ ఏ కోర్టు అడ్డుపడిందో, ఎందుకో చాలామందికి అర్థం కాలేదు. అమెరికాలో హత్య కేసుల వార్తలు చదివే తెలుగువాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఎవరి కేసుకూ ఇది న్యాయ సలహా కాదు.

హెబియస్ కార్పస్ అంటే పోలీసులు పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని వేసే పిటిషన్ కదా? శిక్ష పడ్డవాడికి దాంతో ఏం పని?

మన దగ్గర వాడుక అదే. మనిషి కనిపించకుండా పోతే, పోలీసులు అరెస్టు చూపించకపోతే హైకోర్టులో 226 అధికరణ కింద, లేదా సుప్రీంకోర్టులో 32 కింద వేస్తాం. కోర్టు విచారించి శిక్ష వేసిన ఖైదీకి మామూలుగా ఆ దారి ఉండదు, అప్పీలే దారి.

అమెరికాలోనూ మూలం అదే ప్రశ్న: ఈ మనిషిని ఏ అధికారంతో బంధించి ఉంచావు? కాకపోతే అక్కడ ఆ ప్రశ్న జైలు వార్డెన్‌ను కూడా అడగొచ్చు. అందుకే ఈ కేసుల పేర్లలో రెండో పేరు తరచూ వార్డెన్‌దో, జైళ్ల శాఖ అధిపతిదో ఉంటుంది. వార్డెన్ "స్టేట్ (రాష్ట్ర) కోర్టు తీర్పు ఉంది" అంటాడు. ఆ తీర్పు అమెరికా రాజ్యాంగాన్ని అతిక్రమించి ఇచ్చిందైతే దాని ఆధారంగా నిర్బంధించడం చెల్లదు అన్నది ఖైదీ వాదన.

1789 నాటి చట్టంలో ఈ అవకాశం ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, నిర్బంధంలో ఉన్నవాళ్లకే. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) దాన్ని స్టేట్ ఖైదీలకూ ఇచ్చింది. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతివాళ్లకు దక్షిణాది స్టేట్ కోర్టుల్లో న్యాయం దొరుకుతుందన్న నమ్మకం అప్పటి కాంగ్రెస్‌కు లేదు. ఆ అనుమానం ఎంత నిజమో 1923లో మూర్ వర్సెస్ డెంప్సీ కేసులో తేలింది. ఆర్కన్సాలోని ఎలేన్ ప్రాంతంలో 1919లో జరిగిన అల్లర్ల తర్వాత నల్లజాతి రైతులపై హత్య నేరం మోపారు. కోర్టు చుట్టూ గుంపు మూగి ఉంది. విచారణ ముప్పావు గంటలో ముగిసింది. జ్యూరీ (దోషా కాదా తేల్చే పౌరుల బృందం) అయిదు నిమిషాలు కూడా తీసుకోకుండా దోషులని తేల్చింది, మరణశిక్షలు పడ్డాయి. గుంపు బెదిరింపు మధ్య నడిచింది విచారణే కాదని, ఫెడరల్ జడ్జి ఆ ఆరోపణలను పరిశీలించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఫెడరల్ హెబియస్‌కు కోరలు వచ్చింది అక్కడి నుంచే అని నా అభిప్రాయం.

అయితే ఇది ఇంకో అప్పీలా?

కాదు. ముందు వరస తెలుసుకోవాలి. హత్య నేరాన్ని విచారించేది ఎక్కువగా స్టేట్ కోర్టే. జ్యూరీ తీర్పు వచ్చాక స్టేట్‌లోని పై కోర్టులకు అప్పీలు. అది పోతే స్టేట్‌లోనే మరో దశ ఉంటుంది: విచారణ రికార్డులో లేని సంగతులు, ముఖ్యంగా లాయర్ సరిగ్గా పనిచేయలేదన్న ఫిర్యాదులు లేవనెత్తే పిటిషన్. ఒక్కో స్టేట్‌లో దానికి ఒక్కో పేరు. అదీ పోయాకే ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు. స్టేట్ కోర్టుల ముందు పెట్టని వాదనను నేరుగా ఫెడరల్ జడ్జి దగ్గరికి తీసుకెళ్తే "ముందు అక్కడ తేల్చుకుని రా" అంటారు. అక్కడ గడువు దాటిపోయి ఉంటే ఇక్కడా తలుపు మూసుకున్నట్టే.

పైగా ఇది సివిల్ కేసు. జ్యూరీ ఉండదు, సాక్షులను మళ్లీ పిలవడం చాలా అరుదు. స్టేట్ కోర్టు రికార్డే ఆధారం.

ఫెడరల్ జడ్జి అసలు ఏం చూస్తాడు?

పత్రికల్లో ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే. 1995 ఏప్రిల్‌లో ఓక్లహోమా సిటీలో ఫెడరల్ భవనం పేల్చివేతలో 168 మంది చనిపోయారు. సుమారు ఏడాది తర్వాత, 1996 ఏప్రిల్ 24న, ఉగ్రవాద నిరోధక చట్టంపై అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. ఉగ్రవాదం పేరున వచ్చిన ఆ చట్టంలో స్టేట్ ఖైదీల హెబియస్ హక్కును బిగించే భాగం ఉంది. పేల్చివేతకూ, ఎక్కడో ఒహాయోలో హత్య కేసులో శిక్ష పడ్డవాడి పిటిషన్‌కూ సంబంధం ఏమిటంటే, చట్టసభలో అవకాశం దొరకడం తప్ప ఇంకేమీ లేదు.

ఆ చట్టం ప్రకారం స్టేట్ కోర్టు ఒక రాజ్యాంగ వాదనను విని కొట్టేసి ఉంటే, ఫెడరల్ జడ్జి రెండే సందర్భాల్లో జోక్యం చేసుకోవాలి. స్టేట్ కోర్టు తీర్పు అమెరికా సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టంగా చెప్పిన సూత్రానికి విరుద్ధంగానో, దాన్ని అసమంజసంగా అన్వయించేదిగానో ఉండాలి. లేదా వాస్తవాలను అసమంజసంగా నిర్ణయించి ఉండాలి. ఇక్కడ తప్పు వేరు, అసమంజసం వేరు. 2000లో విలియమ్స్ వర్సెస్ టేలర్ తీర్పు ఆ తేడా చెప్పింది. 2011లో హారింగ్టన్ వర్సెస్ రిక్టర్ తీర్పు దాన్ని ఇంకా బిగించింది: నిష్పక్షపాతంగా ఆలోచించే జడ్జీలు ఆ విషయంలో విభేదించే అవకాశం ఉన్నా సరే, స్టేట్ కోర్టు తీర్పు నిలబడుతుంది.

అంటే ఫెడరల్ జడ్జి మనసులో "నేనైతే ఇలా తీర్పు ఇచ్చేవాణ్ణి కాదు" అనుకుంటూనే పిటిషన్ కొట్టేయాల్సి రావచ్చు. విస్కాన్సిన్‌లో బ్రెండన్ డాసీ కేసు దీనికి మంచి ఉదాహరణ. పదహారేళ్ల కుర్రాడు, తల్లిగానీ లాయర్‌గానీ పక్కన లేకుండా పోలీసుల ముందు 2005 నాటి హత్యలో తన పాత్ర ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు స్వచ్ఛందం కాదని 2016లో ఫెడరల్ మేజిస్ట్రేట్ జడ్జి శిక్ష రద్దు చేశాడు. 2017 జూన్‌లో అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి అదే చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో మొత్తం కోర్టు కూర్చుని 4-3తో తిరగరాసింది. స్టేట్ కోర్టు నిర్ణయం అసమంజసం అనలేం అన్నదే కారణం.

ఏ కారణాలు చూపొచ్చు?

హత్య కేసుల్లో ఎక్కువగా వినిపించేవి కొన్నే. డిఫెన్స్ లాయర్ పని కనీస ప్రమాణానికి దిగువన ఉంది, దాని వల్ల ఫలితం మారింది అన్నది మొదటిది. దీని సూత్రం 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పులో ఉంది. నిందితుడికి మేలు చేసే ఆధారాన్ని ప్రాసిక్యూషన్ దాచింది అన్నది రెండోది, 1963 నాటి బ్రేడీ తీర్పు. జ్యూరీ నుంచి నల్లజాతివాళ్లను రంగు చూసి తప్పించారన్న వాదన, బలవంతపు ఒప్పుకోలు, ఉన్న సాక్ష్యంతో ఏ జ్యూరీ కూడా దోషి అనలేదన్న వాదన మిగతావి.

కుదరనివి కూడా ఉన్నాయి. పోలీసులు వారెంటు లేకుండా సోదా చేశారన్న వాదనను స్టేట్ కోర్టు సరిగా విని ఉంటే, 1976 నుంచి ఇక్కడ లేవనెత్తలేరు. స్టేట్ సొంత చట్టాన్ని తప్పుగా చదివారన్నది ఫెడరల్ ప్రశ్న కాదు. శిక్ష ఖరారయ్యాక వచ్చిన కొత్త సూత్రాన్ని కూడా మామూలుగా వాడుకోలేరు. ఏకగ్రీవం కాని జ్యూరీతో దోషిగా తేల్చకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే శిక్షలు ఖరారైన లూసియానా ఖైదీలకు అది వర్తించదని మరుసటి ఏడాదే చెప్పింది.

"నేను నిరపరాధిని" అని కొత్త ఆధారం చూపిస్తే సరిపోదా?

సరిపోదు. సామాన్యుడికి అసలు మింగుడుపడని జవాబు ఇదే. 1993లో టెక్సస్ ఖైదీ లియొనెల్ హెరేరా కేసులో, విచారణ సక్రమంగా జరిగాక వచ్చే నిరపరాధిత్వ వాదన దానంతట అదే హెబియస్‌కు కారణం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మరీ బలమైన ఆధారం ఉంటే ఏమో అన్న చిన్న సందు మాత్రం వదిలింది. ఆ సందులోంచి ఎవరైనా దూరి బయటపడగలరా అన్నది ఇప్పటికీ తేలలేదు. అలాంటి వాదనకు చోటు గవర్నర్ క్షమాభిక్ష అని ఆ తీర్పు అంటుంది. హెరేరాకు అదే ఏడాది మరణశిక్ష అమలైంది.

అయితే నిరపరాధిత్వానికి ఇంకో ఉపయోగం ఉంది. 1995 నాటి ష్లప్ తీర్పు, 2013 నాటి పెర్కిన్స్ తీర్పు ప్రకారం గట్టి కొత్త ఆధారం ఉంటే గడువు దాటినా, స్టేట్‌లో వాదన పోగొట్టుకున్నా ఫెడరల్ కోర్టు మిగతా రాజ్యాంగ వాదనలు వినొచ్చు. నిరపరాధిత్వం లోపలికి రానిస్తుందే గానీ, దాంతోనే కేసు గెలవలేరు.

జార్జియాలో ట్రాయ్ డేవిస్ కేసులో పోలీసు అధికారి హత్యకు సాక్ష్యం చెప్పినవాళ్లలో చాలామంది తర్వాత మాట మార్చారు. 2009లో సుప్రీంకోర్టు చాలా అరుదుగా చేసే పని చేసింది: నేరుగా తన ముందుకొచ్చిన పిటిషన్‌ను ఫెడరల్ జడ్జికి పంపి, ఆ ఆధారాలు వినమంది. విన్న జడ్జి అవి చాలవన్నాడు. 2011 సెప్టెంబరు 21న డేవిస్‌కు శిక్ష అమలు చేశారు.

గడువు ఎంత? ఎప్పటి నుంచి లెక్క?

ఏడాది. స్టేట్ అప్పీలు ముగిసి, అమెరికా సుప్రీంకోర్టును ఆశ్రయించడానికి ఉండే 90 రోజులు కూడా దాటిన నాటి నుంచి మామూలు లెక్క. స్టేట్‌లో రెండో దశ పిటిషన్ సక్రమంగా దాఖలై పెండింగ్‌లో ఉన్నంతకాలం ఈ గడియారం ఆగుతుంది. ఆగుతుందే గానీ మళ్లీ మొదటి నుంచి మొదలవదు. పదకొండు నెలలు ఊరుకుని ఆ పిటిషన్ వేసినవాడికి, అది పోయాక మిగిలేది ఒక్క నెలే. జైల్లో లాయర్ లేకుండా సొంతంగా రాసుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు.

గడువు విషయంలో కోర్టులు ఎంత కఠినంగా ఉంటాయో చెప్పడానికి 2007 నాటి బౌల్స్ వర్సెస్ రసెల్ చాలు. ఒహాయోలో హత్య కేసులో శిక్ష పడ్డ బౌల్స్ హెబియస్ పిటిషన్‌ను ఫెడరల్ జడ్జి కొట్టేశాడు. అప్పీలుకు నియమం ప్రకారం ఇవ్వగలిగిన అదనపు గడువు 14 రోజులు. జడ్జి పొరపాటున 17 రోజులు ఇచ్చాడు. బౌల్స్ లాయర్ 16వ రోజున వేశాడు, అంటే జడ్జి చెప్పిన గడువులోపే. చెల్లదని సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. జడ్జి తప్పు చేస్తే ఆ బరువు ఖైదీ నెత్తిన పడింది. ఇది సమర్థించుకోదగ్గ తీర్పని నేను ఎప్పటికీ అనుకోలేను.

మినహాయింపు లేకపోలేదు. ఖైదీ తన వంతు శ్రద్ధ చూపినా అసాధారణ అడ్డంకి వల్ల ఆలస్యమైతే గడువు సడలించొచ్చని 2010లో హాలండ్ వర్సెస్ ఫ్లోరిడాలో చెప్పారు. గడువు గురించి హాలండ్ ఉత్తరం మీద ఉత్తరం రాసినా అతని లాయర్ పట్టించుకోలేదు.

లాయర్ చేసిన తప్పుకు ఖైదీని శిక్షిస్తారా?

చాలాసార్లు అదే జరుగుతుంది. వర్జీనియాలో రోజర్ కోల్మన్ లాయర్లు స్టేట్‌లో అప్పీలు నోటీసు మూడు రోజులు ఆలస్యంగా వేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆ ఆలస్యం వల్ల ఫెడరల్ కోర్టులో కూడా అతని వాదనలు పోయినట్టేనంది. స్టేట్ రెండో దశలో లాయర్ ఉండాలన్న రాజ్యాంగ హక్కే లేదు కాబట్టి, ఆ దశలో లాయర్ తప్పు ఖైదీ తప్పేనన్నది తర్కం. 1992లో కోల్మన్‌కు శిక్ష అమలైంది. అతను నిరపరాధి అని ఎంతోమంది నమ్మారు. 2006లో చేయించిన డీఎన్‌ఏ పరీక్ష అతనే నేరస్తుడని తేల్చింది. ఈ మాట చెప్పకుండా అతని కేసును ఉదాహరణగా వాడడం నిజాయితీ కాదు. అయితే నియమం సరైనదా కాదా అన్నది అతను నేరం చేశాడా లేదా అన్నదాని మీద ఆధారపడదు.

అలబామా ఖైదీ కోరీ మేపుల్స్‌కు ఫీజు తీసుకోకుండా వాదిస్తున్న న్యూయార్క్ లాయర్లిద్దరూ తమ సంస్థ వదిలి వెళ్లిపోయారు. అతనికి చెప్పలేదు, కోర్టుకూ చెప్పలేదు. కోర్టు పంపిన ఉత్తర్వు విప్పకుండానే తిరిగొచ్చింది, అప్పీలు గడువు దాటింది. ఇది తప్పు చేయడం కాదు, వదిలేసి పోవడం అని 2012లో సుప్రీంకోర్టు అతనికి ఊరటనిచ్చింది.

అదే ఏడాది మార్టినెజ్ వర్సెస్ రయాన్ తీర్పు ఇంకో ముఖ్యమైన సడలింపు ఇచ్చింది. విచారణలో లాయర్ సరిగా పనిచేయలేదు, ఆ సంగతి చెప్పాల్సిన రెండో దశ లాయరూ చెప్పలేదు అనుకోండి. అప్పుడు ఫెడరల్ కోర్టు ఆ వాదన వినొచ్చు. అరిజోనాలో మరణశిక్ష పడ్డ బారీ జోన్స్ దీని ఆధారంగా వచ్చాడు. 1994లో నాలుగేళ్ల పాప చావుకు అతన్ని బాధ్యుణ్ణి చేశారు. పాపకు ప్రాణాంతకమైన గాయం ఎప్పుడు తగిలిందన్నదే కేసుకు ఆయువుపట్టు. విచారణ లాయర్ ఆ వైద్య సాక్ష్యం జోలికే పోలేదు. ఫెడరల్ జడ్జి నిపుణులను పిలిపించి విని, సమర్థుడైన లాయర్ ఉంటే జ్యూరీ దోషి అనకపోయేదని 2018లో శిక్ష రద్దు చేశాడు.

2022 మే 23న సుప్రీంకోర్టు 6-3తో దాన్ని తిప్పికొట్టింది. వాదన వినొచ్చు గానీ, స్టేట్ రికార్డులో లేని ఆధారాన్ని చూడకూడదంది. రికార్డులో లేకపోవడానికి కారణమే ఆ ఇద్దరు లాయర్లు! ఆధారం లేకుండా ఆ వాదన ఎలా నెగ్గుతుంది? విభేదించిన జస్టిస్ సోటోమయోర్ ఈ తీర్పును వక్రమైనదని, తర్కం లేనిదని రాశారు. చివరికి 2023 జూన్‌లో స్టేట్ ప్రాసిక్యూటర్లతో ఒప్పందం కుదిరింది. పాపను ఆస్పత్రికి తీసుకెళ్లలేదన్న తక్కువ నేరం ఒప్పుకుని, అప్పటికే అనుభవించిన శిక్షతో జోన్స్ బయటికి వచ్చాడు. అతన్ని విడిపించింది హెబియస్ తీర్పు కాదు. కానీ ఆ ఫెడరల్ విచారణలో బయటపడ్డ వైద్య సాక్ష్యం లేకపోతే ఒప్పందం కుదిరేదే కాదని నా నమ్మకం.

మరణశిక్షకు తేదీ ప్రకటించి మళ్లీ ఎందుకు ఆపుతారు?

కింగ్ ఆఫ్ ప్రష్యా కేసులో 2014లో జ్యూరీ మరణశిక్ష వేసింది, 2017లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ స్టేట్ చట్టం ప్రకారం ఆ తర్వాత నిర్ణీత గడువులో వారెంటుపై గవర్నర్ సంతకం పెట్టాలి. ఆయన పెట్టకపోతే జైళ్ల శాఖ అధిపతి పెట్టి తేదీ వేయాలి. ఖైదీకి ఇంకా స్టేట్ రెండో దశ, ఫెడరల్ హెబియస్ రెండూ మిగిలే ఉంటాయి కాబట్టి స్టే వస్తుందని అందరికీ తెలుసు. పైగా అక్కడ 2015 నుంచి గవర్నర్లు మరణశిక్షల అమలు ఆపి ఉంచారు, చివరిసారి అమలైంది 1999లో. వార్తలో తేదీ చూసినప్పుడు అది ఏ దశ తర్వాత వచ్చిందో ముందు చూడండి.

పిటిషన్ గెలిస్తే ఇంటికి పంపేస్తారా?

వెంటనే కాదు. ఎక్కువగా షరతుతో ఉత్తర్వు ఇస్తారు: ఫలానా గడువులోపు మళ్లీ విచారణ మొదలుపెట్టండి, లేదంటే వదిలేయండి. స్టేట్ పైకోర్టుకు వెళ్తుంది, అదో రెండేళ్లు. ఒహాయో డాక్టర్ శామ్ షెపర్డ్‌కు భార్య హత్య కేసులో 1954లో శిక్ష పడింది. పత్రికల హడావుడి వల్ల విచారణ చెడిపోయిందని 1964లో ఫెడరల్ జడ్జి విడుదల చేశాడు, 1966లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, అదే ఏడాది రెండో విచారణలో జ్యూరీ నిర్దోషి అంది. బాక్సర్ రూబిన్ కార్టర్‌కు న్యూజెర్సీ జ్యూరీలు రెండుసార్లు శిక్ష వేశాయి. 1985లో ఫెడరల్ జడ్జి సరోకిన్ రద్దు చేశాక, స్టేట్ అప్పీళ్లన్నీ ఓడిపోయి 1988లో కేసు వదులుకుంది. సాక్ష్యమే చాలదన్న కారణంతో గెలిస్తే మాత్రం మళ్లీ విచారించకూడదు.

గెలిచే అవకాశం ఎంత?

చాలా తక్కువ. మరణశిక్ష లేని కేసుల్లో వందకు ఒకటి కూడా నెగ్గదని 2007లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. మరణశిక్ష కేసుల్లో సుమారు ఎనిమిదింటికి ఒకటి. ఈ తేడాకు ఒక కారణం కళ్లముందే ఉంది: మరణశిక్ష పడ్డవాళ్లకు ఫెడరల్ చట్టం లాయర్‌ను ఇస్తుంది. యావజ్జీవం పడ్డవాడికి ఆ హక్కు లేదు. పిటిషన్ ఫీజు అయిదు డాలర్లే, రాయడమే కష్టం. ఓడితే అప్పీలు కూడా నేరుగా ఉండదు, సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ అనే అనుమతి దొరకాలి. రెండోసారి పిటిషన్ వేయాలంటే ముందు అప్పీలు కోర్టు ఒప్పుకోవాలి.

ఏళ్ల తరబడి ఇలా సాగితే చనిపోయినవాళ్ల కుటుంబం మాటేమిటి?

న్యాయమైన ప్రశ్న. ప్రతి పిటిషన్‌తో ఆ ఇంట్లో పాత గాయం మళ్లీ రేగుతుంది. 1996 చట్టం తెచ్చినవాళ్లు గట్టిగా చెప్పిన వాదన కూడా ఇదే. అయితే ఆలస్యంలో పెద్ద భాగం గడువు దాటిందా, వాదన పోయిందా, ఏ రికార్డు చూడొచ్చు అన్న గొడవలకే పోతోంది. అసలు విషయం మీద ఒక్కసారి నిండుగా విచారణ జరిపితే ఇంతకంటే త్వరగా ముగుస్తుంది.

నిందితుడు భారత పౌరుడైతే తేడా ఉంటుందా?

రాజ్యాంగ హక్కులు అవే. అదనంగా, వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి తన కాన్సులేట్‌కు కబురు పంపించుకునే హక్కుందని పోలీసులు చెప్పాలి. చెప్పకపోతే? మెక్సికో పౌరుడు హోసే మెడెజీన్‌కు టెక్సస్‌లో చెప్పలేదు. అతనితో సహా మెక్సికో పౌరుల కేసులను తిరిగి చూడాలని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఆదేశానికి స్టేట్ కోర్టులు కట్టుబడక్కర్లేదని 2008లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఆగస్టులో శిక్ష అమలైంది. కాబట్టి ఆ హక్కును మొదటి రోజే, అరెస్టు నాడే వాడుకోవాలి. కుటుంబం నుంచి ఎవరైనా కాన్సులేట్‌కు ఫోన్ చేయడానికి కోర్టు అనుమతి అక్కర్లేదు.

"సుప్రీంకోర్టు పిటిషన్ తోసిపుచ్చింది" అంటే కింది తీర్పు సరైనదని ఒప్పుకున్నట్టా?

కాదు. తొమ్మిది మంది జడ్జీల్లో నలుగురు వినాలనుకుంటేనే కేసు తీసుకుంటారు. డాసీ కేసును 2018 జూన్‌లో తీసుకోలేదు, కారణమూ చెప్పలేదు. అలాంటప్పుడు అప్పీలు కోర్టు తీర్పు అలాగే ఉండిపోతుంది. ఖైదీకి మిగిలేవి కొత్త ఆధారంతో మళ్లీ స్టేట్ కోర్టుకు వెళ్లడం, గవర్నర్‌కు దరఖాస్తు పెట్టుకోవడం.